బొటనవేలు

డ్రమ్ము విప్పే ముందు చేయాల్సినవి ఇవి. కిటికీలకు నల్లగుడ్డలు కట్టాలి. తలుపు కింద సందులో తడిపిన గోనె దూర్చాలి. చేతులకున్న ఉంగరాలు, గాజులు, మొక్కుతాళ్ళు తీసేయాలి. కడియాలు రెండూ ఉప్పునీటితో తుడిచి ఆరనివ్వాలి. పానాలను పెద్దదాని నుంచి చిన్నదాని దాకా పళ్ళెంలో వరసగా పేర్చాలి. సముద్రం వైపు తూము మూయించాలి. బిందెలు, బాల్చీలు నింపి పెట్టుకోమని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ముందురోజే చాటించాలి. కూర్మారావుకు టీ పిడి ఉన్న స్టీలు కప్పులోనే ఇవ్వాలి.

ఆఖరిది నియమాల్లో లేదు. అక్కడ ఇంజినీరుగా చేసే నూకాంబిక తనంతట తాను కలుపుకుంది. పాత మేస్త్రీ కూర్మారావు కుడిచేతికి వేడి తెలియదు. ఒకసారి కాలే టీ ఉన్న గాజు గ్లాసు పట్టుకుని, కబుర్లలో పడి, అరచేయి బొబ్బలెక్కేదాకా అలాగే నిలబడ్డాడు. అడిగితే నవ్వేశాడు. "టీ బాగుందమ్మా, సెయ్యి సంగతి నాకేటి తెల్సు?" అన్నాడు.

గవ్వలపాలెం తీరాన బావులన్నీ ఉప్పుబారిపోయాక ఆ చుట్టుపక్కలకు ఈ నీళ్ళ కర్మాగారమే దిక్కయింది. దానికి గుండెకాయ ఆ డ్రమ్ము. లోపల ఉల్లిపొరకన్నా పల్చటి పొర ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఒక పక్క సముద్రం తోస్తే ఇంకో పక్క మంచినీళ్ళు వస్తాయి. అయితే ఆ పొరకు ఒక శాపం ఉంది. వెలుతురు సోకితే చచ్చిపోతుంది. అందుకని లోపల ఏ మర వదులైనా చీకట్లోనే, తడుముకుంటూ బిగించాలి. మరమనిషి చేతులు పంపి చూశారు. వాటికి నట్టేదో పొరేదో తెలియక చింపి పెట్టాయి.

అప్పుడే శాస్త్రవేత్త డాక్టర్ విశ్వంభరం తాను కనిపెట్టిన లోహాన్ని పట్టుకొచ్చాడు. మణికట్టుకు కడియం తొడుక్కుని ఆ లోహంతో చేసిన పానా పట్టుకుంటే, వేలికొసల్లో ఉండే స్పర్శ మెల్లగా పానా మూతికి పాకుతుంది. ఆ కాసేపూ పానాయే వేలు. నట్టు మీద తుప్పు, పక్కన పొర వణుకు, అంచున నీటి చెమ్మ, అన్నీ ఇనపమూతికి తెలుస్తాయి. మూతి నట్టును బట్టి విచ్చుకుంటుంది. పని అయ్యాక పానాను పళ్ళెంలో పెట్టి కూర్చుంటే స్పర్శ తిరిగి చేతికి చేరుతుంది. లావుపాటి పానా అయితే టీ తాగేలోపే చేరుతుంది. సన్నదైతే సాయంత్రమవుతుంది. సన్నటి ఇనుములో స్పర్శ ఇరుక్కుపోతుందని, ఇరుక్కున్నది వదలడానికి మొరాయిస్తుందని డాక్టరు చెప్పేవాడు.

పానాలకు వేళ్ళ పేర్లే పెట్టారు. నడిమి, చూపుడు, ఉంగరపు, చిటికెన. పనిలో చేరిన ప్రతివాళ్ళకూ మొదటి పాఠం ఒకటే: పట్టేవాటిలో పెద్దది తీసుకో. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని లోకం అంటుంది. ఇక్కడ మాత్రం గొడ్డలి పట్టే చోట గోరు పెట్టినవాడే నష్టపోతాడు.

కూర్మారావు నష్టపోయింది అలాగే. మూడేళ్ళ కిందట వేరే ఏదీ దూరని సందులో చిటికెన పట్టాడు. నూకాంబిక అప్పుడు కొత్తగా చేరింది. పని ముగించి చెయ్యి బయటికి తీసి, "అయిపోనాదమ్మా" అన్నాడు కూర్మారావు. ఆమె పానా అందుకుందామని చెయ్యి చాచింది. అతను ఇవ్వలేదు.

"తప్పు. ఉప్పూ ఇనుమూ సేతికి సేయి ఇవ్వకూడదు, తగువులొస్తాయి. నిన్న గాక మొన్న వచ్చినావు. నీతో నాకు తగువెందుకే తల్లీ?" అంటూ పళ్ళెంలో పెట్టాడు.

ఆ మాట నూకాంబికకు ముచ్చటేసింది. వాళ్ళింట్లోనూ అంతే. ఉప్పుగిన్నె కింద పెడితే తీసుకోవాల్సిందే. డాక్టరుతో సహా ఆ కర్మాగారంలో ఎవరూ పానా చేతికి చేయి ఇచ్చినవాళ్ళు కారు. పళ్ళెం ఉన్నది అందుకేగా అనుకునేవారు.

ఆ సాయంత్రం కూర్మారావు చేతికి స్పర్శ తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. ఇక రాలేదు.

*

ఇప్పుడు అదే డ్రమ్ములో నడుం దగ్గరి నట్టు వదులైంది. నీళ్ళలో ఉప్పు తగులుతోంది. మర్నాటికల్లా బిగించకపోతే ఒత్తిడికి పొర చిరుగుతుంది. పొర చిరిగితే కొత్తది అల్లడానికి వేసవి దాటిపోతుంది.

నూకాంబిక ఉంగరపు పానా పెట్టి చూసింది. సగం దాకా వెళ్ళి టక్కుమని ఆగింది. ఇంకొకసారి, ఇంకో వైపు నుంచి చూసింది. మళ్ళీ టక్కుమంది.

"చిటికెన ఒక్కటే వెళుతుంది సార్," అంది చెమట తుడుచుకుంటూ.

విశ్వంభరం తల దించుకున్నాడు. "నేను చెప్పలేనమ్మా. పెట్టమనీ చెప్పలేను, వద్దనీ చెప్పలేను. ఆలోచించుకుని రేపు చెప్పు."

ఇంటికి వెళితే తండ్రి ఎరకయ్య అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. వేటకు వెళ్ళిన రోజుల్లో నీటి రంగు చూసి చేపల గుంపు ఎక్కడుందో చెప్పగలిగిన కళ్ళు అతనివి. ఇప్పుడు వాటికి వెలుగూ చీకటీ తేడా మాత్రమే తెలుస్తుంది. తల్లి పోయాక ఇంట్లో వాళ్ళిద్దరే.

రాత్రి అన్నంలోకి కవళ్ళ పులుసు. కవళ్ళంటే ఎరకయ్యకు ప్రాణం. కానీ వాటి నిండా వెంట్రుకల్లాంటి ముళ్ళు. కూతురు పక్కన కూర్చుని, ఒక్కో చేపనూ వేళ్ళతో తడిమి ముళ్ళు తీసి కంచంలో పెట్టాలి. కళ్ళకు కనబడని ముల్లు కూడా వేలికి తెలుస్తుంది.

"రేపు ఆ సిన్నదే ఎట్టాలా?" అడిగాడు ఎరకయ్య.

"నీకెవులు సెప్పినారు?"

"నువ్వే. గుమ్మంలో కాలెట్టగానే తెల్సిపోనాది. సెప్పులు కూడా మెల్లిగా ఇడిసినావు."

నూకాంబిక తీసిన ముల్లును కంచం పక్కన పెట్టింది.

"సెయ్యి పోతే మరి నాకు ముళ్ళెవులు తీస్తారు?"

"పప్పు తిందువుగాని."

"పప్పా! గంగమ్మ బిడ్డకి పప్పెట్టి సంపుతావేటే?" ఎరకయ్య నవ్వాడు. నవ్వి, నోట్లో ముద్ద మింగాడు. "నువ్వు కాలేజీ పాసైనప్పుడు పేటంతా మిఠాయి పంచినాను. మన ఇంట్లో అచ్చరం ముక్క సదివిన మొదటి మడిసివి. ఇప్పుడు పేటంతా నీ నీళ్ళు తాగుతాది. ఎట్టొద్దని నానంటే పేటకి నా మొకం సూపించలేను. ఎట్టమంటే నీకు సూపించలేను. గుడ్డోడ్ని, నాకీ మొకం గొడవేటో!"

నూకాంబికకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ మింగి, ఇంకో చేప తీసుకుంది. బొటనవేలితో చేపను అదిమి పట్టి, మిగతా వేళ్ళతో వెన్నుముల్లు లాగబోయింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వెతుకుతున్నవి పొడుగు వేళ్ళు. గట్టిగా పట్టుకున్నది మాత్రం పొట్టిది. లావుగా, కురచగా, పక్కకు ఒదిగి ఉన్నది.

ఉంగరపు పానా డ్రమ్ములో టక్కుమన్నది ఎక్కడ? కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. ముందు తగిలింది మూతి కాదు, నడుమూ కాదు. తోక! పిడి చివర వెళ్ళి వెనక గోడకు కొట్టుకుంది. సందు ఇరుకే, కానీ వెడల్పులో కాదు, పొడవులో. ఇన్నేళ్ళూ సందు ఇరుకైతే సన్నపానా అంటూ వచ్చారు. సన్నం చేసినప్పుడల్లా అది పొట్టి కూడా అయింది కాబట్టి దూరింది. దూరింది సన్నం వల్ల అనుకున్నారు. నాలుగు వేళ్ళకూ పేర్లు పెట్టి బొటనవేలిని మరిచిపోయారు!

"నాన్నా, నడిమి పానా! దాని తోక కోసీస్తే!" అంటూ పులుసు చేతితోనే ఫోను అందుకుంది.

"ఏటో కోయ్ గానీ," అన్నాడు ఎరకయ్య, "ముందా సేప ఇలా ఇయ్యి."

*

లోకంలో ఉన్న నడిమి పానా అదొక్కటే. ఆ లోహం ముద్దకట్టడానికే విశ్వంభరానికి నాలుగేళ్ళు పట్టింది. అందుకని రంపం ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా పొద్దున్నే తానే కోశాడు. కోస్తున్నంతసేపూ పళ్ళు బిగపట్టాడు. నూకాంబిక ఆకురాయితో అంచులు నునుపు చేసింది. అరచేతిలో పెట్టుకుంటే నిజంగానే బొటనవేలంత, లావుగా, కురచగా ఉంది.

"పెద్ద ఇనుము. కాబట్టి స్పర్శ ఇరుక్కోదు," అన్నాడు డాక్టరు. "కానీ పిడి పొట్టిది కదమ్మా. నీ వైపు నుంచి సగమే తిరుగుతుంది. తక్కిన సగం అవతలి వైపుకు పోతుంది. నీ చెయ్యి అందదు."

"అవతలి కంతలోంచి ఇంకో చెయ్యి పెట్టాలి సార్. నేను తిప్పినంత తిప్పుతాను, ఆ చెయ్యి అందుకుని లాగాలి."

డాక్టరు తన చెయ్యి కంతలో పెట్టి చూసుకున్నాడు. మోచేతి దగ్గరే ఆగింది. పక్కనుంచి కూర్మారావు గొంతు వినిపించింది.

"మీ సెయ్యి పట్టదు సార్. మీ ఇంట్లో మేడం గారు నెయ్యేసి పెంచీసినారు." అతను అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు. "నాది పెడతాను. పోయిన సెయ్యేగా, ఇంక పోడానికేటుంది? నాకేటీ తెలీదు గానీ లాగమంటే లాగుతాను. ఎద్దునాగ."

"ఎద్దుకు కడియమెందుకు బాబాయ్?" అంది నూకాంబిక.

"పెళ్ళికొడుకునాగ ఉంటాది, ఉండనీ."

నియమం ప్రకారం డ్రమ్ములో పెట్టే ప్రతి చేతికీ కడియం ఉండాలి. అందుకని తొడిగారు.

నల్లగుడ్డలు దించారు. గది మసకబారింది. డ్రమ్ముకు ఇటు నూకాంబిక, అటు కూర్మారావు, మోచేతుల దాకా నల్లటి గుడ్డసంచుల్లో చేతులు దూర్చి నిలబడ్డారు. ఆమె చేతిలో పొట్టిపానా. మెల్లగా వేలికొసలు మొద్దుబారాయి, పానా మూతి మేలుకుంది. చల్లటి గోడ తగిలింది. ఆ పక్కన పొర, నిద్రపోయే పసిబిడ్డ పొట్టలాగ మెత్తగా ఎగిసిపడుతోంది. దాన్ని తప్పించుకుని నడుం దాకా వెళ్ళింది. తోక ఎక్కడా కొట్టుకోలేదు.

"దూరింది సార్!"

డాక్టరు ఊపిరి వదిలిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

పానా నట్టును కరిచింది. తిప్పింది. ఇంకొంచెం. ఇంకొంచెం. పిడి అవతలి వైపుకు వెళ్ళిపోయింది. వేలికొసల మీద వేలాడుతోంది. వదిలితే పొర మీద పడుతుంది.

"బాబాయ్, నా చెయ్యి తగిలిందా?"

"నాకు తగిలిందో లేదో నాకేటి తెల్సమ్మా! నీకు తగిలితే సెప్పు."

"తగిలింది. పట్టుకో. నా చేతిలోంచే తీసుకో."

కూర్మారావు ఒక్క క్షణం తటపటాయించాడు. "సేతికి సేయి..."

"ఇక్కడ పళ్ళెం ఎక్కడుంది బాబాయ్? తగువొస్తే తర్వాత పడదాం. పట్టుకో!"

పట్టుకున్నాడు.

మరుక్షణం నూకాంబికకు తన కుడిచెయ్యి లేదనిపించింది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు ఒళ్ళంతా జారింది. "సార్, నా చెయ్యి..." అనబోయింది. అంతలో అవతలి నుంచి కూర్మారావు గొంతు వచ్చింది. అది అతని గొంతులా లేదు.

"అమ్మడూ... సల్లగా ఉందే."

డాక్టరు గబగబా అతని వైపు వచ్చాడు.

"ఇనుము సల్లగా ఉంది. ఇదేటి, మెత్తగా... ఓలమ్మ, ఇది పొర! ఎగురుతోంది! నాకు తెలుస్తోందే!"

"బాబాయ్, నట్టు!" నూకాంబిక గట్టిగా అరిచింది. తన చెయ్యి ఏమైందో అప్పుడు తలుచుకుంటే పని చెడుతుందని ఆమెకు తెలుసు. "ముందు నట్టు బిగించు!"

"బిగిస్తాను, బిగిస్తాను. నువ్వు సెప్పాలేటి నాకు? నువ్వు పుట్టకముందు నుంచీ బిగిస్తున్నాను." పానాను మెల్లగా లాగాడు. "మర పట్టింది. ఇంకొంచెం... ఇంక సాలు. ఇంకొక్క నూలుపోగంత తిప్పితే పొర నొక్కుకుంటాది. సాలు."

చెయ్యి బయటికి తీశాడు. పానా పిడికిట్లోనే ఉంది. డాక్టరు కంతలు రెండూ మూసి నల్లగుడ్డ లాగేశాడు. మధ్యాహ్నపు ఎండ గదిలోకి దూకింది.

కూర్మారావు వదలకుండా పానా పట్టుకునే, దాని మూతిని తన చెంపకు ఆనించుకున్నాడు. గడ్డం మీద రాసుకున్నాడు. ఎండ పడిన గోడకు ఆనించాడు. టీ కప్పు అంచుకు తాకించి వెంటనే వెనక్కి తీశాడు.

"ఏడిగా ఉంది," అన్నాడు చిన్నపిల్లవాడిలాగ.

విశ్వంభరం అలవాటు కొద్దీ పళ్ళెం ముందుకు జరిపాడు. కూర్మారావు ఆ స్టీలు పళ్ళెం వైపు చూశాడు. చూస్తూనే అతని ముఖం మారింది. నూకాంబికకూ అదే క్షణంలో అర్థమైంది.

స్పర్శ చేతి నుంచి చేతికి పోతుంది. చెయ్యి దొరక్కపోతే దొరికిన ఇనుములోకి పోతుంది. లావుపాటి పానాలోంచి కొంచెం కారి, తక్కినది చేతికి వచ్చేది. ఇరుక్కుని ఉన్న చిటికెనలోది మాత్రం మొత్తంగా పళ్ళెంలోకే పోయింది. మూడేళ్ళ కిందట చాచిన చేతిలో పానా పెట్టి, తిరిగి అందుకుని ఉంటే, పోయేది కాదు.

"తగువొస్తాదనీసి," అన్నాడు కూర్మారావు మెల్లగా. తర్వాత ఉన్నట్టుండి నవ్వాడు. "ఆ పళ్ళెం తీసీండి సార్. నా సొమ్ము ఒకపాలి మింగీసింది, సాల్దేటి దానికి?"

డాక్టరు పళ్ళెం తీసి నేల మీద బోర్లించాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

నూకాంబిక తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది. అది ఎవరిదో చెయ్యిలా బరువుగా వేలాడుతోంది. కవళ్ళు గుర్తొచ్చాయి. తండ్రి కంచం గుర్తొచ్చింది. అయినా మనస్ఫూర్తిగానే అంది.

"బాబాయ్, రేపటి దాకా ఉంచుకో. ఇంటికెళ్ళి పిన్నికి చూపించు. మనవరాలి తల నిమురు. పొద్దున్నే ఇద్దువుగాని."

కూర్మారావు పానా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపులో ఏముందో నూకాంబికకు తెలియకపోలేదు. మూడేళ్ళుగా అతను మనవరాలి జడ వెయ్యబోయి వదిలేసిన సంగతి, చిల్లరకోసం జేబులో చెయ్యిపెట్టి వెర్రిచూపులు చూసిన సంగతి ఆమెకు తెలుసు.

"అక్కడిదాకా తీస్కెళ్తే మళ్ళీ తేలేనమ్మా," అన్నాడు. "ఎరువు సొమ్ము బరువు సేటని ఊరికే అన్లేదు. పైగా మీ అయ్యకి నాను ముళ్ళు తీయాలేటి? ఇదిగో, సెయ్యి సాపు."

ఆమె చాచింది. అతను పానాను కింద పెట్టలేదు. ఆమె అరచేతిలో పెట్టి, వదిలేముందు పానా మూతితో ఆ అరచేతిని ఒకసారి నిమిరాడు.

"ఓసోస్! ఆపీసరమ్మ సెయ్యి మెత్తగుంటాదనుకున్నాను. వలతాడు లాగిన కాయలు ఇంకా ఉన్నాయే!" అన్నాడు. తన సొంత కూతురి సంగతి చెప్పుకున్నంత గర్వంగా అన్నాడు. ఆ మాట అంటూనే వేళ్ళు విప్పాడు.

నూకాంబిక చేతిలోకి వేడి, చలవ, బరువు, గరుకు అన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. ఏ పానా అయినా అంత తొందరగా, అంత పూర్తిగా ఎన్నడూ తిరిగివ్వలేదు. కూర్మారావు తన చెయ్యి వైపు ఒక చూపు చూసుకుని, ఆ చేత్తోనే చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. గుండీ కోసం చూపు దించి వెతుక్కున్నాడు.

"ఎవులన్నా అడిగితే సెప్పండి సార్," అన్నాడు తలుపు దగ్గర ఆగి. "నడుం నట్టు కూర్మారావు బిగించినాడని. సేత్తో సూసి బిగించినాడని."

సాయంత్రానికి తూము తెరిచారు. నీళ్ళు తియ్యగా వచ్చాయి. రాత్రి ఎరకయ్య కంచంలో ఒక్క ముల్లు కూడా లేదు. జరిగిందంతా విని, చేయి కడుక్కుని, "రేపు కూర్మారావుని బోయినానికి తీసుకురా" అన్నాడు. "కవళ్ళే వొండు. ఆడికీ నువ్వే ముళ్ళు తీసెట్టు."

*

ఇప్పుడు ఆ తీరం పొడవునా నీళ్ళ కర్మాగారాలు లేచాయి. అన్నిటిలోనూ ఐదు పానాలుంటాయి. ఐదోదాని పేరు బొటనవేలు. సందు ఇరుకైతే ముందు చూడాల్సింది ఏ వైపు ఇరుకో అని కొత్తగా చేరినవాళ్ళకు నూకాంబికే చెబుతుంది. ఏ కర్మాగారంలోనూ స్టీలు పళ్ళెం లేదు. పని ముగించినవాళ్ళు పానాను పక్కవాళ్ళ చేతికి ఇచ్చి, వాళ్ళ చేతి నుంచి తిరిగి తీసుకుంటారు. ఆ తర్వాత ఇంకెవరి చెయ్యీ పోలేదు. తగువులా? వస్తూనే ఉంటాయి. వాటికి ఇనుము అక్కర్లేదు కదా.

కూర్మారావు చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. డ్రమ్ము విప్పినప్పుడల్లా అవతలి కంత దగ్గర నిలబడింది అతనే. ప్రతిసారీ కాసేపు అందుకున్నాడు, ప్రతిసారీ తిరిగి ఇచ్చేశాడు. పనిలోంచి దిగేదాకా అంతే.

మీ ఇంట్లో కుళాయి తిప్పినప్పుడు వేళ్ళ మీద నీళ్ళు పడతాయి. చల్లగా ఉన్నాయని తెలుస్తుంది. తెలిసిన ఆ ఒక్క క్షణం, కూర్మారావును తలుచుకోండి.